రీడింగ్ లాగ్ నింపాలి, పిల్లలకి చదవడం మీద ఇష్టం పోకూడదు: ఇంట్లో ఎలా నడపాలి

స్కూల్ నుంచి రీడింగ్ లాగ్ అని ఒక కాగితం వస్తుంది. రోజూ 20 నిమిషాలు చదవాలి, పుస్తకం పేరు రాయాలి, ఎన్ని పేజీలో రాయాలి, చివర్లో అమ్మో నాన్నో సంతకం పెట్టాలి. నెల తిరిగేసరికి, అంతకుముందు పిలిచినా పలక్కుండా పుస్తకంలో తల దూర్చి కూర్చున్న పిల్ల కాస్తా "ఇంకెన్ని నిమిషాలు?" అని అడగడం మొదలుపెడుతుంది. ఏం చెయ్యాలి అని ఈమధ్య నన్ను చాలామంది అడిగారు, అందరికీ ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే ఒకచోట వివరంగా రాద్దామనిపించింది.

మా ఇంట్లో ఇది మొదట ఎంత అధ్వానంగా నడిచిందో చెప్తే మీకు ధైర్యంగా ఉంటుంది. ఆదివారం రాత్రి, మర్నాడు లాగ్ ఇవ్వాలి, వారమంతా ఖాళీ. నేను కూర్చుని ఏడు సంతకాలు పెడుతున్నాను. పక్కన నిలబడిన మా పెద్దది, అప్పటికి దానికి ఎనిమిదేళ్ళు, "అమ్మా, బుధవారానికి నల్ల పెన్ను వాడు, అన్నీ ఒకే పెన్నుతో ఉంటే తెలిసిపోతుంది" అంది. ఆ వారం అది చదవడం గురించి నేర్చుకున్నది అదొక్కటే.

అప్పటినుంచి మేం పెట్టుకున్న పద్ధతి ఒకటే. చదవడం పిల్లల పని, లాగ్ పెద్దల పని. ముందు చదవడం, దాని తర్వాత కాగితం. కింద ఉన్నదంతా ఆ పద్ధతి రోజువారీ ఎలా నడుస్తుందన్నదే.

## 1. ముందు స్కూల్ నిజంగా ఏం అడిగిందో చూడండి

చాలా ఇళ్ళల్లో స్కూల్ అడగని రూల్స్ కూడా మనమే పెట్టేసుకుంటాం. కాగితం మీద "చదవాలి" అని ఉంటే మనం "ఒంటరిగా, గట్టిగా, టేబుల్ దగ్గర కూర్చుని, కొత్త పుస్తకం" అని చదువుకుంటాం. ఆ కాగితాన్ని ఒకసారి నింపాదిగా చదవండి. అందులో లేనివి టీచర్‌ని అడగండి:

□ మేం చదివి వినిపిస్తే లెక్కలోకి వస్తుందా?
□ బొమ్మల కథలు, కామిక్స్, ఆడియో పుస్తకాలు, చదివిన పుస్తకమే మళ్ళీ చదవడం రాయొచ్చా?
□ ఇంట్లో మాట్లాడే భాషలో చదివింది రాయొచ్చా?
□ లాగ్ పిల్లే రాయాలా, మేం రాయొచ్చా?
□ దీనికి మార్కులున్నాయా? ఒకరోజు తప్పితే ఏమవుతుంది?
□ రోజుకింత అనే లెక్క తప్పనిసరా, వారం మొత్తం కలిపి చూపిస్తే సరిపోతుందా?

నాకు తెలిసినంతలో చాలామంది టీచర్లు వీటిలో సగానికి పైగా "ఓకే" అనేస్తారు. వాళ్ళకి కావాల్సింది ఇంట్లో పుస్తకం తెరుచుకుంటోందా లేదా అన్నది. ముందే అడిగి ఉంటే తర్వాత సగం టెన్షన్ ఉండదు.

## 2. ఒక వారం ఊరికే గమనించండి

ఏమీ మార్చకండి, ఏమీ అనకండి. పిల్ల తనంతట తాను అక్షరాలు ఎప్పుడు చదువుతోందో చూడండి. పుస్తకమే కానక్కర్లేదు, ఆట రూల్స్ కాగితం, బొమ్మ డబ్బా వెనక రాసింది, వీడియో కింద సబ్‌టైటిల్స్, అన్నీ చదవడమే. ఏ వేళలో, ఎక్కడ, పక్కన ఎవరున్నప్పుడు అన్నది ఫోన్‌లో రెండు ముక్కలు రాసుకోండి చాలు.

మా చిన్నోడు పుస్తకం ముట్టడు అని నేను గట్టిగా నమ్మిన రోజుల్లో, వాడు డైనోసార్ల కార్డుల మీద బరువు, పొడవు, ఏం తినేది అన్నీ చదివేసి అప్పజెప్పేవాడు. అది నా లెక్కలో చదవడం కాలేదు, ఎందుకంటే లాగ్‌లో దానికి గడి లేదు.

## 3. చదవలేకపోవడమా, చదవబుద్ధి కాకపోవడమా

ఇది తేల్చుకోకుండా ముందుకి వెళ్ళొద్దు. రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి: నీళ్ళు కావాలనడం, బాత్రూమ్‌కి వెళ్ళడం, పేజీలు గబగబా తిప్పడం, తమ్ముడితో గొడవ. కానీ మందు వేరు.

తేల్చుకోవడానికి తేలికైన దారి: అదే పుస్తకం మీరు చదివి వినిపించండి. మీరు చదువుతుంటే కళ్ళు పెద్దవి చేసుకుని వింటూ, తనని చదవమంటే మాత్రం ముడుచుకుపోతోందంటే కథ బాగానే ఉంది, అక్షరాలు కూడబలుక్కోవడమే బరువుగా ఉంది. మీరు చదివినా పక్క చూపులే అయితే పుస్తకం తప్పు, పిల్ల తప్పు కాదు, ఇంకోటి తియ్యండి.

పుస్తకం బరువు చూడటానికి ఐదు వేళ్ళ పరీక్ష చాలామందికి తెలిసే ఉంటుంది. సుమారు 100 పదాలున్న ఒక పేజీ తీసుకుని చదవనివ్వండి, తెలియని పదం వచ్చిన ప్రతిసారీ ఒక వేలు ముడవాలి. పేజీ అయ్యేసరికి ఒకటి, రెండు, మూడు వేళ్ళు ముడిస్తే తనంతట తాను చదవచ్చు. నాలుగైతే మీరు పక్కన ఉండాలి. ఐదూ ముడుచుకుపోతే ఆ పుస్తకం ప్రస్తుతానికి మీరు చదివి వినిపించే పుస్తకం. పక్కన పడెయ్యకండి, పిల్లకి అదే కావాలంటే అదే చదవండి, కాకపోతే గొంతు మీది.

ఇంకో మాట. వరసలు వదిలేసి చదవడం, కళ్ళు నలుపుకోవడం, తలనొప్పి అనడం, పుస్తకం ముఖానికి మరీ దగ్గరగా పెట్టుకోవడం తరచుగా కనిపిస్తే ముందు కంటి డాక్టర్‌కి చూపించండి. కళ్ళు బాగానే ఉండి, నెలల తరబడి చదివించినా తెలిసిన చిన్న పదాల దగ్గరే మళ్ళీ మళ్ళీ ఆగిపోతుంటే, తోటి పిల్లలకి సులువుగా వచ్చేది తనకి రాకపోతుంటే, డిస్లెక్సియా (తెలివి ఉన్నా అక్షరాలు, పదాలు చదవడం కష్టమయ్యే ఇబ్బంది) లాంటిది ఉందేమో నిపుణులతో చూపించుకోవాలి. అలాంటి పిల్లకి లాగ్‌లో నిమిషాలు పెంచడం అంటే కాలు బెణికినవాడిని ఇంకో రౌండు పరిగెత్తించడమే.

## 4. చోటు, పుస్తకాలు, కాగితం

ఒక బుట్ట పెట్టండి. అందులో ఐదారు పుస్తకాలకి మించొద్దు, అల్మరా నిండా ఉంటే పిల్లలు దేన్నీ తియ్యరు. రెండు సులువైనవి, ఒకటి బొమ్మలెక్కువ ఉన్నది, ఒకటి కథ కానిది (జంతువులు, యంత్రాలు, గ్రహాలు, రికార్డులు, ఏదైనా), ఒకటి మీరు చదివి వినిపించేది. లైబ్రరీ నుంచి తెచ్చుకుంటే ఇంకా మంచిది, నచ్చకపోతే "కొన్నాం కదా, చదువు" అనే మాట నోట్లోంచి రాదు.

లాగ్ కాగితం మాత్రం పుస్తకానికి దూరంగా ఉండాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ పని చేసింది ఇదే. మొదట్లో నేను లాగ్‌ని బుక్‌మార్క్ లాగా పుస్తకంలోనే పెట్టేదాన్ని, మర్చిపోకుండా ఉంటుందని. దాంతో పుస్తకం తెరవగానే కథ కంటే ముందు గడులు కనిపించేవి. తర్వాత దాన్ని అట్టకి క్లిప్ పెట్టి, పెన్ను దారంతో కట్టి, స్కూల్ బ్యాగ్ తగిలించే మేకుకే తగిలించాను. చదివే చోట ఇప్పుడు పుస్తకమే ఉంటుంది.

మొదలుపెట్టే ముందు:

□ బుట్టలో ఐదారు పుస్తకాలు, కనీసం మూడు పిల్ల ఎంచుకున్నవి
□ మంచం దగ్గర గానీ సోఫా దగ్గర గానీ సరిపడా వెలుతురు
□ పిల్ల కూర్చునే చోటికి గడియారం, టైమర్ కనబడకూడదు
□ లాగ్, పెన్ను బ్యాగ్ దగ్గర
□ మీ ఫోన్ ఇంకో గదిలో (అవును, మీది)

## 5. రోజూ చేసేది, ఈ వరుసలో

5.1 సమయాన్ని గడియారానికి కాదు, ఒక పనికి కట్టండి. "ఏడున్నరకి చదవాలి" అంటే ఏడు ఇరవై అయిదు నుంచే గొడవ మొదలవుతుంది. "స్నానం అయ్యాక", "పడుకునే ముందు", "స్కూల్ నుంచి వచ్చి బట్టలు మార్చుకున్నాక" అంటే అది ఆ పనికి తోకలా వచ్చేస్తుంది. రాత్రి నిద్రకి తూగే పిల్లలకి పడుకునే ముందు పెట్టకండి, లేదా ఆ వేళ మీరు చదవండి.

5.2 పుస్తకం పిల్ల తియ్యాలి. బుట్టలోంచి ఏది తీసినా సరే. నిన్న సగంలో ఆపింది ఇవాళ వద్దంటే వద్దు. పది పేజీలు చదివాక నచ్చకపోతే వదిలేసే హక్కు మనకున్నట్టే వాళ్ళకీ ఉంటుంది. ఏది తీసినా రెండో పేజీకే వదిలేస్తుంటే మాత్రం మళ్ళీ 3వ మెట్టుకి వెళ్ళండి, పుస్తకాలు బరువై ఉంటాయి.

5.3 నిమిషాలని పేజీలుగా మార్చుకోండి. ఒక మామూలు రోజున, పిల్లకి తెలియకుండా, 20 నిమిషాల్లో హాయిగా ఎన్ని పేజీలు చదువుతోందో ఒక్కసారి చూసుకోండి. ఆరు పేజీలనుకుందాం. ఇక రోజూ "ఈ కథ అయ్యేదాకా" అనో "ఈ అధ్యాయం" అనో చెప్పండి, ఆరేడు పేజీల దగ్గర ఆగే చోటు చూసుకుని. టైమర్ మోగితే వాక్యం మధ్యలో పుస్తకం ఠపీమని మూతపడుతుంది, అధ్యాయానికి ఆ గుణం లేదు.

రెండు భాషలు చదివే పిల్లలకి ఈ లెక్క రెండుసార్లు కట్టుకోవాలి. ఇంగ్లీష్‌లో 20 నిమిషాలకి ఎనిమిది పేజీలు లాగించే పిల్ల తెలుగులో రెండు పేజీలే చదవొచ్చు. ఆ రెండు పేజీలని చూసి ముఖం చిన్నబుచ్చుకోకండి, అక్కడ పడిన కష్టం ఎక్కువ.

5.4 మొదటి పేజీ మీరు చదవండి. కథలోకి దిగడమే పిల్లలకి కష్టమైన భాగం. ఎవరు, ఎక్కడ, ఏమైంది అన్నది మీ గొంతుతో దాటేస్తే ఆ తర్వాత చాలాసార్లు వాళ్ళే పుస్తకం లాక్కుంటారు. ఇంకా బెరుకుగా ఉంటే మీదొక పేజీ, తనదొక పేజీ.

5.5 పదం దగ్గర ఆగితే మీరూ ఆగండి. లోపల ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెట్టుకోండి. అప్పటికీ రాకపోతే పదం చెప్పేసి ముందుకి పోనివ్వండి. "నిన్న చెప్పాను కదా", "గుర్తు తెచ్చుకో", ఇవి వద్దు. తెలుగులో అయితే ఒకదాని కింద ఒకటి ఒత్తులున్న చోట, శాస్త్రం, లక్ష్మి, రాష్ట్రం లాంటి మాటల దగ్గర, పిల్లలు ఆగడం మామూలే, అక్షరాన్ని వేలితో విడదీసి చూపించి ఒకసారి మీరు పలకండి, పాఠం మొదలుపెట్టకండి. అర్థం చెడని తప్పులు వదిలెయ్యండి. "ఇంటికి వెళ్ళాడు" అన్నదాన్ని "ఇంటికి పోయాడు" అని చదివిందంటే అది అర్థం చేసుకుని చదువుతోందని సంతోషించాలి నిజానికి.

5.6 ఆపే చోటు రుచిగా ఉండాలి. తలుపు ఎవరో కొట్టారు, తియ్యబోతున్నారు, అక్కడ ఆపండి. "అమ్మా ఇంకొక్క పేజీ" అంటే ఇవ్వండి. నిద్రవేళ పది నిమిషాలు జరిగితే ఏం కాదు.

5.7 పరీక్ష పెట్టకండి. పుస్తకం మూసిన వెంటనే "ఇందులో నీకు నచ్చిన పాత్ర ఏది? ఎందుకు?" అంటే అదొక క్లాస్ అయిపోతుంది. మీకు అనిపించింది మీరు చెప్పండి: "ఆ ముసలాయన అబద్ధం చెప్తున్నాడని నాకు డౌటు." అంతే. నచ్చితే అందుకుంటుంది, లేకపోతే లేదు.

5.8 ఇప్పుడు లాగ్. పిల్ల లేచి వెళ్ళాక, లేదా మర్నాడు పొద్దున బ్యాగ్ సర్దేటప్పుడు. రెండు నిమిషాల పని.

## 6. లాగ్‌లో ఏం రాయాలి

ఏడేళ్ళ లోపు పిల్లలకి మొత్తం మీరే రాయండి. చదివి అలసిపోయిన చేత్తో పుస్తకం పేరు, రచయిత పేరు, పేజీ నంబర్లు రాయించడం అంటే చదివినందుకు శిక్ష వేసినట్టే ఉంటుంది. ఎనిమిది నుంచి పదేళ్ళ వాళ్ళు కావాలంటే ఒక గడి రాస్తారు, మిగతావి మీరు. పదకొండు దాటితే తామే వారానికోసారి నింపుకోవచ్చు, మీ పని సంతకం ఒక్కటే. స్కూల్ "పిల్లే రాయాలి" అని గట్టిగా ఉంటే తేదీ, పేజీ నంబర్లు మాత్రం పిల్లతో రాయించి, పేరు మీరు ముందే రాసి ఉంచండి.

మేం నింపిన ఒక వారం ఇదిగో, మా చిన్నోడిది:

సోమ: నక్కల బొమ్మల పుస్తకం, 4–9. ఒక పేజీ అమ్మ, ఒక పేజీ నేను. నక్క పడుకునేటప్పుడు తోక కప్పుకుంటుంది.
మంగళ: చదవలేదు. ఇంటికి వచ్చేసరికి రాత్రి పది.
బుధ: అదే పుస్తకం, 9–20. ఆపమన్నా ఆపలేదు.
గురు: కామిక్, మూడోసారి. మొత్తం.
శుక్ర: నాన్న చదివాడు, నేను విన్నాను. మధ్యలో నిద్రపోయాను.

మంగళవారం చూశారా? "చదవలేదు" అని రాయడానికి నాకు మొదట చెయ్యి రాలేదు. టీచర్ ఏమనుకుంటుందో అని. ఆవిడేమీ అనుకోలేదు. కానీ పిల్లాడు అది చూశాడు, అమ్మ ఖాళీని ఖాళీగానే వదిలేసిందని. ఆ తర్వాత వాడూ లేనిది ఉన్నట్టు చెప్పడం తగ్గించాడు.

స్కూల్ గడులు కాక మీ కోసం ఒక గుర్తు పెట్టుకోండి, మార్జిన్‌లో చిన్నగా: ఇంకా కావాలన్నాడంటే ప్లస్, ఏదో అయిందనిపించాడంటే గీత, వదిలేశాడంటే సున్నా. వారం చివర పనికొచ్చేది అదే.

## 7. స్టార్లు, స్టిక్కర్లు, బహుమతులు

నా అభిప్రాయం సూటిగా చెప్తాను, పుస్తకానికింత, పేజీకింత అని బహుమతి పెట్టకండి. ముఖ్యంగా ఇప్పటికే ఇష్టంగా చదివే పిల్లకి.

దీని మీద 1973లో లెపర్, గ్రీన్, నిస్‌బెట్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం ఒకటుంది. బొమ్మలు వెయ్యడం ఇష్టమైన నర్సరీ పిల్లల్ని తీసుకుని కొందరికి బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు, కొందరికి చెప్పకుండా తర్వాత ఇచ్చారు, కొందరికి ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ళకి ఆ రంగు పెన్నులు మళ్ళీ వాళ్ళ ముందు పెడితే, ముందే బహుమతి మాట విన్న పిల్లలు వాటితో గడిపిన సమయం మిగతావాళ్ళతో పోలిస్తే సుమారు సగమే. చెప్పకుండా ఇచ్చినవాళ్ళకి మాత్రం ఇష్టం తగ్గలేదు. అచ్చంగా లాగ్ మీదే 2012లో పాక్, వెస్లీ అనే ఇద్దరు రెండు, మూడు తరగతుల పిల్లల్లో చూశారు: తప్పనిసరిగా నింపాల్సిన పిల్లల్లో చదవాలన్న ఆసక్తి తగ్గింది, ఇష్టమైతేనే నింపమన్న పిల్లల్లో పెరిగింది. కాగితం రెండు గుంపులకీ ఉంది, తేడా వచ్చింది బలవంతం దగ్గర.

బహుమతి ఇప్పటికే మొదలుపెట్టేశారా? ఒక్కసారిగా ఆపితే గొడవ. ఇలా దించండి: ఒప్పుకున్న బాకీ ఇచ్చెయ్యండి. తర్వాత లెక్క కట్టని వాటికి మారండి, అంటే చెప్పాపెట్టకుండా ఒక శనివారం లైబ్రరీకి తీసుకెళ్ళడం, పుస్తకంలో చదివిన జంతువుని చూపించడానికి తీసుకెళ్ళడం, పడుకునే వేళ పావుగంట పెంచి "చదువుకుంటానంటే లైట్ ఉంచుతాను" అనడం. ఈ చివరిది మా ఇంట్లో ఏ స్టిక్కరూ చెయ్యని పని చేసింది.

స్కూల్లోనే స్టార్ చార్ట్ ఉంటే మీరేం చెయ్యలేరు, ఇంట్లో దాని గురించి అడగకుండా ఉండగలరు అంతే.

## 8. ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచెయ్యాలి

"ఇంకెన్ని నిమిషాలు?" టైమర్ తీసెయ్యండి, 5.3 చూడండి. రెండు వారాలు పడుతుంది ఈ అలవాటు పోవడానికి, మధ్యలో మళ్ళీ టైమర్ పెడితే మొదటికొస్తుంది.

సరిగ్గా 20 కాగానే మంచి పట్టులో కూడా పుస్తకం మూసేస్తోంది. ఆ రోజు 10 నిమిషాలకే మీరే ఆపెయ్యండి, కథ మాంచి చోట ఉన్నప్పుడు. "ఇవాళ్టికి చాలు" అనండి. నేను మొదటిసారి ఇలా చేసినప్పుడు మా పెద్దది నన్ను అనుమానంగా చూసింది, తర్వాత దుప్పట్లో టార్చ్‌తో దొరికింది.

సన్నటి పుస్తకాలే తీస్తోంది. పుస్తకాల సంఖ్య లెక్కపెడుతున్నారేమో చూసుకోండి. సంఖ్య లెక్కపెట్టడం మానేస్తే సన్నవి తియ్యడం దానంతట అదే తగ్గుతుంది.

చదివిన పుస్తకమే మళ్ళీ మళ్ళీ. ఇది సమస్య కాదు. మళ్ళీ చదివినప్పుడే వేగం, ధారాళం వస్తాయి, మొదటిసారి కనబడనిది కనబడుతుంది. లాగ్‌లో "ఐదోసారి" అని గర్వంగా రాయండి.

కామిక్స్ తప్ప ముట్టడు. ముట్టనివ్వండి. కామిక్స్‌లో మాటలు తక్కువైనా బొమ్మకీ మాటకీ మధ్య ఉన్నది పిల్లే పూరించుకోవాలి, అదేం చిన్న పని కాదు. బుట్టలో అదే విషయం మీద మాటలెక్కువున్నది ఒకటి ఉంచండి, దాని గురించి నోరెత్తకండి.

చదవకుండానే చదివానంటోంది. గద్దించకముందు ఆలోచించండి, నిజం చెప్తే ఏం జరుగుతోంది మీ ఇంట్లో? "చదవలేదు" అన్న రోజు తిట్లు పడితే మర్నాటినుంచి అబద్ధమే వస్తుంది. ఒక వారం "చదవలేదు" అన్నదాన్ని మామూలుగా రాసుకుని ఊరుకోండి. పేజీల మీద ప్రశ్నలడిగి దొంగని పట్టినట్టు పట్టుకుంటే, ఇంకా బాగా దాచడం నేర్చుకుంటారు.

నిన్నటిది కలిపి ఇవాళ 40 నిమిషాలు. వద్దు. తప్పింది తప్పింది. రెండు రోజులది కలిపితే మూడో రోజు కూడా పోతుంది.

అల్లరి చేస్తే "వెళ్ళి పుస్తకం చదువు పో". ఇది చాలామంది నోట్లోంచి అలవాటుగా వచ్చేస్తుంది, నా నోట్లోంచీ వచ్చింది. చదవడం శిక్ష అని మనమే చెప్తున్నాం. దీనికి రెండో వైపు కూడా ఉంది: హోమ్‌వర్క్ చెయ్యలేదని కథల పుస్తకం లాక్కోవడం. రెండూ మానండి.

అక్క ఈ వయసుకి ఎంత లావు పుస్తకాలు చదివేదో. ఇద్దరు పిల్లలుంటే లాగ్‌లు వేరే వేరే చోట తగిలించండి. పక్కపక్కన వేలాడితే మీరేమీ అనకపోయినా పోలిక నడుస్తూనే ఉంటుంది.

విపరీతంగా చదివే పిల్ల, లాగ్ రాయడం పెద్ద విసుగు. రోజుకి ఒక పుస్తకం పేరు మాత్రం రాయండి, మిగతావి రాయకండి. చదివిన ప్రతిదీ నమోదు కావాలని ఎక్కడా లేదు. దాని రహస్య పుస్తకాలు దానికుండనివ్వండి.

## 9. టీచర్‌తో మాట్లాడాల్సి వస్తే

నాలుగు వారాలు పైన చెప్పినట్టు చేశాక కూడా గొడవ తగ్గకపోతే మాట్లాడండి. ఫిర్యాదుగా వెళ్ళకండి, టీచర్ చేతిలో ముప్పై నలభై మంది ఉంటారు, లాగ్ ఆవిడ సొంత ఆలోచన కాకపోవచ్చు కూడా. లాగ్ పద్ధతి మీద ఉపన్యాసం వద్దు, మీ పిల్ల గురించే చెప్పండి, ఒక్క మార్పు అడగండి, దానికి గడువు పెట్టండి. నేను పంపిన చీటీ దాదాపు ఇలా ఉంది:

"నమస్కారం మేడమ్. పాప ఇంట్లో చదువుతోంది, కానీ నిమిషాలు లెక్కపెట్టిన రోజు మాత్రం మధ్యలో ఆపేస్తోంది. రోజుకి 20 నిమిషాలకి బదులు, సోమవారం నుంచి శుక్రవారం దాకా కలిపి 100 నిమిషాలు చూసుకుని వారానికి ఒకసారి సంతకం పెట్టి పంపమంటారా? మేం చదివి వినిపించింది కూడా అందులో రాస్తాం. నాలుగు వారాలు ఇలా చేసి, తేడా ఏమైనా ఉంటే మీకు చెప్తాను."

రెండు రోజుల్లో "సరే" అని వచ్చింది. రాకపోయి ఉంటే? అప్పుడు స్కూల్ లాగ్ స్కూల్‌కి, చదవడం చదవడానికి అని విడదీసేదాన్ని: లాగ్ కోసం ఒక సులువైన పుస్తకం, పది పదిహేను నిమిషాల్లో హాయిగా అయ్యేది ఒకటి పెట్టుకుని, నిజంగా ఎన్ని నిమిషాలు చదివితే అన్నే రాసి, పడుకునే వేళ ఏ లెక్కా లేని ఇంకో పుస్తకం.

మీరే టీచర్ అయితే, గడులు తగ్గించండి. పేరు, నచ్చిందా లేదా, ఇంకెవరికి చెప్తావు, ఈ మూడు చాలు. నిమిషాల గడి, రోజువారీ సంతకం తీసేస్తే ఇళ్ళల్లో సగం గొడవ పోతుంది. నెలకోసారి ఆ మూడో గడిని క్లాసులో చదివించండి. ఒక పిల్ల చెప్పిన పుస్తకం కోసం ఇంకో పిల్ల చెయ్యెత్తుతుంది, మనం చెప్పిన పుస్తకానికి అలా ఎత్తదు.

## 10. వారం చివర పది నిమిషాలు

శనివారమో ఆదివారమో, పిల్లతో కలిసి లాగ్ తియ్యండి. ఎన్ని పేజీలో చూడొద్దు. మార్జిన్‌లో మీరు పెట్టుకున్న గుర్తులు చూడండి.

□ ప్లస్ ఎక్కడ పడింది? అలాంటిదే ఇంకోటి బుట్టలోకి
□ సున్నా పడినవి బుట్టలోంచి బయటికి, చర్చ లేకుండా
□ వారంలో ఏ రోజు ఎప్పుడూ ఖాళీయే? ఆ రోజు అసలు పెట్టుకోవద్దు
□ మనం చదివి వినిపించిన రోజులెన్ని? ఒక్కటీ లేకపోతే వచ్చే వారం రెండు
□ వచ్చే వారం బుట్ట పిల్లే సర్దాలి

మూడు నాలుగు నెలలు ఇలా నడిచాక ఒక వారం లాగ్ తగిలించిన చోటే మర్చిపోయినట్టు ఉండండి, స్కూల్ సెలవుల్లో అయితే ఇంకా మంచిది. బుట్టలో పుస్తకాలు జరిగి ఉన్నాయా, తలగడ పక్కన ఏమైనా తెరిచి బోర్లా పెట్టి ఉందా చూడండి. ఉంటే, సెలవులైపోయి స్కూల్ తెరిచాక కొత్త కాగితం వచ్చినప్పుడు 5.8 ఒక్కటి చేస్తే చాలు. లేకపోతే 2వ మెట్టు నుంచి మళ్ళీ, ఈసారి బుట్టలోకి డైనోసార్ కార్డులు కూడా వేసి.